అపాయింట్‌మెంట్ దాకా రాలేని పిల్లలు

నిలువ నీడ లేని కుర్రాడు కౌన్సెలింగ్‌కు రెండుసార్లు రాకపోతే అతని పేరు కొట్టేస్తారు. ‘చికిత్సకు సహకరించడం లేదు’ అని ఫైల్లో రాస్తారు. ఫోన్‌లో చార్జింగ్ ఉందా, తన సంచి ఎవరికి అప్పగించి వస్తాడు అని అడిగేవారుండరు. ఈ పద్ధతి మారాలన్నదే మా వాదన.

మొదట చూడాల్సింది నిద్ర. వరసగా రెండు మూడు రాత్రులు కునుకు లేకపోతే ఎవరికైనా అనుమానాలు, చిరాకు, మతిమరుపు వస్తాయి. ఒక్కోసారి లేని మాటలు వినిపిస్తాయి. పైకి అది పెద్ద మానసిక జబ్బులాగే ఉంటుంది. అందుకే జబ్బు పేరు తేల్చే ముందు కొన్ని రాత్రులు భద్రంగా పడుకోనివ్వాలి. చనిపోవాలన్న ఆలోచన ఉందా అన్నది మాత్రం తొలిరోజే సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ.

మందు రాసేవారు ఆ మాత్ర ఎక్కడ మింగుతారో కూడా ఆలోచించాలి. మత్తుగా నిద్రపట్టించే మాత్రను ఆరుబయట పడుకునే అమ్మాయి వేసుకోదు. వేసుకుంటే ఎవరు దగ్గరికొచ్చినా మెలకువ రాదని ఆమెకు తెలుసు. అది మొండితనం కాదు, ప్రాణభయం. మనోస్థితిలో విపరీతమైన ఎత్తుపల్లాలను అదుపు చేసే లిథియం మందు వాడేవారు ఎండలో చాలినన్ని నీళ్లు తాగకుండా తిరిగితే రక్తంలో దాని మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. చేతులు బాగా వణుకుతున్నా, వాంతులైనా, తూలుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇక డిప్రెషన్ మాత్రల గుణం కనిపించడానికే కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా సంచి పోతే మందూ ఆగిపోతుంది. కాబట్టి నెల మందులు ఒకేసారి చేతిలో పెట్టకూడదు. వారానికి సరిపడా ఇచ్చి, మిగతావి షెల్టర్‌లో దాచిపెట్టాలి. అన్నీ ఒక్కసారే మింగేసే ప్రమాదమూ దీంతో తగ్గుతుంది.

పలకరించడానికి ప్రతిసారీ అదే మనిషి, అదే రోజు, అదే చోటికి వెళ్లాలి. మనిషి మారినప్పుడల్లా ఇంట్లో పడ్డ దెబ్బల కథ మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వస్తే ఏ పిల్లా నోరు విప్పదు.

షరతులు పెట్టకుండా ముందు ఇల్లివ్వాలన్న ‘హౌసింగ్ ఫస్ట్’ పద్ధతి 1992లో న్యూయార్క్‌లో మొదలైంది. కెనడా 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో దాన్ని పరీక్షించింది. ఇంట్లో నిలదొక్కుకున్నవారి సంఖ్య బాగా పెరిగింది. మానసిక లక్షణాల్లో మాత్రం మామూలు సేవలు అందినవారికీ వీరికీ పెద్ద తేడా కనిపించలేదు. అంటే ఇల్లు తప్పనిసరి, కానీ అదొక్కటే చాలదు. కొత్త గదిలో నిశ్శబ్దానికి భయపడి లైటు వేసుకుని నేల మీద పడుకునేవారు, తెలిసిన ముఖాల కోసం మళ్లీ వీధికి వెళ్లిపోయేవారు ఉంటారు. ‘క్రిటికల్ టైమ్ ఇంటర్వెన్షన్’ అనే విధానం ఈ దశ కోసమే పుట్టింది: తొమ్మిది నెలలు, మూడేసి నెలల చొప్పున మూడు దశలు. తొలి దశలో కార్యకర్త తరచూ వెళ్తారు, రెండో దశలో కాస్త వెనక్కి తగ్గుతారు, మూడో దశలో బాధ్యతను స్థానిక వైద్యులకు, అయినవారికి అప్పగిస్తారు.

గది తాళం చేతికిచ్చిన రోజే కేసు ముగిసినట్టు లెక్క రాసుకునే ప్రభుత్వాలు, ఆ తొమ్మిది నెలల కార్యకర్త జీతాన్నీ ఇంటి ఖర్చులోనే కలిపి బడ్జెట్‌లో చూపాలి.