నీట్‌లో క్వాలిఫై అయితే ఎంబీబీఎస్ సీటు వచ్చినట్టేనా?

నీట్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మా బంధువుల గ్రూపులో ఒకే మెసేజ్ తిరుగుతుంది. రాసిందెవరో తెలీదు, కింద మాత్రం ఏదో కన్సల్టెన్సీ నంబరు ఉంటుంది. అందులో ఉండేది క్లుప్తంగా ఇది: "మార్కులు తక్కువ వచ్చాయని టెన్షన్ పడకండి. క్వాలిఫై అయితే చాలు, సీటు గ్యారంటీ. మేనేజ్‌మెంట్ కోటాకి ర్యాంకుతో పని లేదు. లాంగ్ టర్మ్ కోచింగ్ పేరుతో ఏడాది పాడుచేసుకోకండి. విదేశాల్లో అయితే నీట్ కూడా అక్కర్లేదు, ఆరేళ్లలో డాక్టరై వచ్చి ఇక్కడే ప్రాక్టీస్ పెట్టుకోవచ్చు."

2025లో మా మేనకోడలికి 268 మార్కులు వచ్చాయి. ఈ మెసేజ్ చూసి మా బావగారు దాదాపు అడ్వాన్స్ కట్టేశారు. అందుకే ఒక్కో మాటా విప్పి చూడాల్సి వచ్చింది.

"క్వాలిఫై అయితే చాలు" అన్నది అన్నిటికన్నా పెద్ద మోసం. జనరల్ వాళ్లకు 50 పర్సంటైల్ కావాలంటే చాలామంది సగం మార్కులనుకుంటారు. కాదు. పరీక్ష రాసినవాళ్లలో సగం మంది మీ వెనక ఉంటే చాలని అర్థం. 2025లో ఆ గీత 720కి 144 దగ్గర పడింది, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీలకు 113. అలా గీత దాటినవాళ్లు 12 లక్షల పైచిలుకు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేలు అటూ ఇటూ. అంటే సీటుకు పదిమంది. అందులోనూ సగానికి దగ్గరగా ప్రైవేటు కాలేజీలవే. క్వాలిఫై కావడమంటే కౌన్సెలింగ్ గుమ్మం దాకా రానిచ్చారని మాత్రమే, లోపల కుర్చీ వేశారని కాదు.

ఈ మెసేజ్‌తోపాటే "పోయినేడు ఇన్ని మార్కులకే సీటొచ్చింది" అని ఇంకో పట్టిక కూడా తిప్పుతారు. 2024లో సవరించిన ఫలితాల్లో కూడా 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశంలో మొదటి ర్యాంకుకే 686. పేపరు మారితే మార్కుల విలువ ఇంతలా మారుతుంది. చూడాల్సింది ర్యాంకు, అదీ మన రాష్ట్రంలో, మన కేటగిరీలో.

మేనేజ్‌మెంట్ కోటా సంగతిలో సగం నిజం ఉంది. బి కేటగిరీలో, అంటే మేనేజ్‌మెంట్ సీట్లలో, కటాఫ్ కన్వీనర్ కోటా (ప్రభుత్వం తక్కువ ఫీజుకు ఇచ్చే సీట్లు) కన్నా బాగా కిందికి దిగుతుంది, సి కేటగిరీలో, అంటే ఎన్నారై సీట్లలో, ఇంకా దిగుతుంది. అయితే ఆ సీట్లు కూడా ర్యాంకు వరసలోనే వెళ్తాయి. తెలంగాణలో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఆంధ్రలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ పెట్టి ఇస్తాయి. కాలేజీ యాజమాన్యం తనంతట తాను ఎవరినీ చేర్చుకోవడానికి వీల్లేదు. చివర్లో మిగిలిన సీట్లకూ అదే దారి. ఎంసెట్ రోజుల నాటి సీట్ల బేరాలు మన పెద్దవాళ్లకు ఇంకా గుర్తుండటం వల్లే "సీటు బ్లాక్ చేశాం" అనేవాడి మాట చెల్లుబాటవుతోంది. ఫీజు చూస్తే బి కేటగిరీకి ఏడాదికి పది లక్షల పైమాటే.

లాంగ్ టర్మ్ గురించి నేను ఆ మెసేజ్‌ని పూర్తిగా కొట్టిపారేయను. నీట్ ఎన్నిసార్లయినా రాయొచ్చు, పై వయసు పరిమితి కూడా తీసేశారు. కానీ రాయొచ్చు కదా అని అందర్నీ హాస్టల్లో కూర్చోబెట్టడం సరికాదు. ఫిజిక్స్ ఒక్కటే దెబ్బకొట్టి సీటు అంచున ఆగిపోయినవాళ్లకు ఆ ఏడాది పనికొస్తుంది. మూడు సబ్జెక్టుల్లోనూ పునాది లేనివాళ్లకు మరోసారి అదే క్లాసు విన్నంత మాత్రాన పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మా మేనకోడలిది ఈ రెంటికీ మధ్య పరిస్థితి. తనే ఇంకో ఏడాది చదువుతానంది.

ఇక విదేశం. 2018 నుంచి బయట ఎంబీబీఎస్ చదవాలన్నా నీట్ క్వాలిఫై కావాల్సిందే. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ నిబంధనను సమర్థించింది. నీట్ అడగకుండా చేర్చుకునే కాలేజీలు అక్కడ ఉండొచ్చు. ఆ తప్పు ఖరీదు తెలిసేది ఆరేళ్లు చదివి తిరిగొచ్చాకే.

వచ్చీ రాగానే ప్రాక్టీస్ అన్నదీ అబద్ధమే. ముందు ఎఫ్ఎంజీఈ (విదేశంలో చదివొచ్చినవాళ్లకు ఇక్కడ పెట్టే అర్హత పరీక్ష) రాయాలి, 300కి 150 తెచ్చుకోవాలి. ఈమధ్య చాలా విడతల్లో అందులో పాసైనవాళ్లు మూడో వంతు కూడా లేరు. పాసయ్యాక ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్. అసలు చదివిన కోర్సే నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నిబంధనలకు సరిపోవాలి: కనీసం 54 నెలల చదువు, అదీ ఇంగ్లిష్ మీడియంలో, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆ దేశంలోనే డాక్టరుగా రిజిస్టరయ్యే అర్హత. మన తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో వెళ్లిన ఫిలిప్పీన్స్‌లో ఎండీ కోర్సు (అక్కడ మన ఎంబీబీఎస్‌ లాంటిది) నాలుగేళ్లు, అంటే 48 నెలలు. దానికి ముందు చదివే బీఎస్ డిగ్రీ లెక్కలోకి రాదు. ఆ ఆరు నెలల తేడాతో ఎన్ని ఇళ్లలో నిద్ర పట్టలేదో!

బావగారి చేత ఆ నంబరుకి ఫోన్ చేయించాను. మూడే అడగమన్నాను: చదువు ఎన్ని నెలలు, ఇంటర్న్‌షిప్ ఎక్కడ, ఆ దేశంలో రిజిస్ట్రేషన్ ఇస్తారా?

"అవన్నీ ఆఫీసులో మాట్లాడుకుందాం సార్, ముందు పాతిక వేలు వేసి సీటు కన్ఫర్మ్ చేసుకోండి" అన్నాడతను.