గడ్డకు క్యాలెండరు తెలియదు

బెంగళూరు తెలుగువాళ్ళ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మళ్ళీ అదే తిరుగుతోంది: "ఆడవాళ్ళకు నెలనెలా రక్తం పోతుంది కాబట్టి స్ట్రోక్ రాదు. గుండె దడకు బ్లడ్ థిన్నర్ రాస్తే ఆ అయిదు రోజులూ ఆపండి. అసలు సగం ఆస్ప్రిన్ చాలు. ఆకుకూరలు మానెయ్యండి." పొద్దున మారతహళ్ళి నుంచి ఒకరు, సాయంత్రం కె.ఆర్.పురం నుంచి ఇంకొకరు. ఇక్కడ గుండె దడంటే ఏఎఫ్ (ఏట్రియల్ ఫిబ్రిలేషన్), గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు. దండం పెడతాను, ఈ మెసేజ్ పంపడం ఆపండి.

ఆకుకూరలు: అసిట్రోమ్, వార్ఫరిన్ అనే పాతతరం బ్లడ్ థిన్నర్లు వాడేవాళ్ళు సొప్పు (ఆకుకూరల) బండిని చూసి పారిపోనక్కర్లేదు. వారానికి రెండుసార్లు తోటకూర అలవాటుంటే రెండుసార్లే తినండి. ఉన్నట్టుండి మానేస్తే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) పెరుగుతుంది, రోజూ మునగాకు మొదలెడితే పడిపోతుంది. అంతే.

ఆస్ప్రిన్: ఏఎఫ్‌లో గడ్డ కట్టేది గుండె ఎడమ పై గదికి (కర్ణికకు) ఉన్న చిన్న సంచిలో, నిలవ రక్తంలో. అక్కడ ఆస్ప్రిన్ బలం చాలదు. 2011 నాటి అవెర్రోస్ ట్రయల్‌లో ఏడాదికి ఆస్ప్రిన్ మీద 3.7 శాతం మందికి స్ట్రోకో మరోచోట గడ్డ అడ్డుపడడమో జరిగితే, అపిక్సబాన్ అనే కొత్తతరం బ్లడ్ థిన్నర్ మీద 1.6. పెద్ద రక్తస్రావాలు దాదాపు సమానం.

"స్ట్రోక్ రాదు"ట! ఏఎఫ్ ఉంటే, 65 దాటాక ఆడవాళ్ళకే ముప్పు కాస్త ఎక్కువ. 2024 యూరప్ మార్గదర్శకాలు స్ట్రోక్ ముప్పు లెక్కగట్టే స్కోరులోంచి ఆడవాళ్ళ పాయింటు తీసేశాయి, నిజమే. లెక్క సులువు కావడానికి తీసేశాయి, ముప్పు తీరిందని కాదు.

ఇక అయిదు రోజుల సెలవు. అసలు ప్రమాదం ఇదే. నెలసరి వయసులో ఏఎఫ్ ఉందంటే మన దేశంలో చాలాసార్లు రుమాటిక్ జ్వరంతో (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చి గుండెను దెబ్బతీసే జ్వరం) దారి ఇరుకైన గుండె మైట్రల్ కవాటమే కారణం. వాళ్ళకు స్కోరుతో పనిలేదు, అసిట్రోమో వార్ఫరినో తప్పదు. 2022 ఇన్‌విక్టస్ ట్రయల్‌లో మరో కొత్తతరం మందు రివరాక్సబాన్ వాటి ముందు నిలవలేదు. సరిగ్గా వాళ్ళకే ఈ మెసేజ్ ఆపమంటోంది! అయిదు రోజులు ఆపితే ఐఎన్ఆర్ కిందికి జారుతుంది, మళ్ళీ 2–3 మధ్యకు రావడానికి ఇంకొన్ని రోజులు. అంటే నెలలో వారం పైనే రక్షణ లేదు. గడ్డ పాపం ఒకటో తారీఖు దాకా ఆగుతుందేమో మరి.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఈ మందులతో నెలసరి విపరీతమవడం నిజం, రివరాక్సబాన్‌తో మరీను. ఓపీలో చాలామంది అడగరు, ఆడవాళ్ళూ చెప్పరు. ఆ మెసేజ్ పుట్టింది ఆ మౌనంలోంచే. గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, పది రూపాయల బిళ్ళంత గడ్డలు పడుతున్నా ఐఎన్ఆర్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చూపించుకోండి. గర్భసంచిలో పెట్టే మిరెనా లాంటి హార్మోను లూపు పనికొస్తుందేమో అడగండి. కవాటం బాగున్నవాళ్ళయితే అపిక్సబాన్‌కు మార్చొచ్చేమో కూడా. మాత్ర మర్చిపోతే అదే రోజు గుర్తురాగానే వేసుకోండి. మర్నాడు రెండూ కలిపి మాత్రం వద్దు.