గుర్తింపు సంఘం లేని విమానం

రాజమండ్రి పేపరు మిల్లులో గుర్తింపు సంఘం ఎన్నికలంటే ఏమిటో గోదావరి జిల్లాల వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. యాజమాన్యం ఎవరితో కూర్చుని మాట్లాడాలో, వేతన ఒప్పందం మీద కార్మికుల తరఫున ఎవరు సంతకం పెట్టాలో ఆ ఓట్లే తేలుస్తాయి. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి మనల్ని హైదరాబాద్, ముంబై, ఢిల్లీ చేరుస్తున్న ఇండిగోలో మాత్రం పైలట్ల తరఫున అలా కూర్చునే సంఘం లేదు. అది వాళ్ల సొంత గొడవలే అనుకోవడానికి, ఇండిగో విమానాలు కుప్పలుగా రద్దయిన 2025 డిసెంబర్ తర్వాత వీల్లేదు.

ఇదే పరిస్థితిని ముందుగా చవిచూసింది ఐర్లండ్ చవక విమాన సంస్థ ర్యాన్‌ఎయిర్. 1985లో మొదలైన ఆ కంపెనీ మూడు దశాబ్దాల పాటు ఏ పైలట్ల సంఘాన్నీ దగ్గరికి రానివ్వలేదు. దాని అధిపతి మైకేల్ ఓలియరీ ఈ విషయంలో మహా పట్టుదల మనిషి. పైలట్లలో చాలామంది ఏజెన్సీల ద్వారా వచ్చిన కాంట్రాక్టు మనుషులు. జీతభత్యాల మాట వస్తే ఒక్కో బేస్‌లో ఒక్కో కమిటీతో విడివిడిగా తేల్చుకునేవారు. ఒక ఊరి పైలట్లకు ఏం దక్కిందో చూసుకుని ఇంకో ఊరి వాళ్లు కలిసి అడిగే దారి ఉండేది కాదు.

2017 సెప్టెంబర్‌లో ఈ పద్ధతి బెడిసికొట్టింది. సెలవుల లెక్క ఏప్రిల్ నుంచి కాక జనవరి నుంచి మొదలయ్యేలా మార్చాల్సి రావడంతో, పైలట్లకు ఇవ్వాల్సిన సెలవులన్నీ కొద్ది నెలల్లోకి వచ్చిపడ్డాయి. అదే సమయంలో కొందరు పోటీ కంపెనీలకు వెళ్లిపోతున్నారు. ఆ సీజన్‌లో రద్దయిన విమానాలు 20 వేల దాకా ఉన్నాయి, ఇబ్బంది పడ్డ ప్రయాణికులు సుమారు 7 లక్షలు. క్రిస్మస్ ముందు సమ్మె తప్పదని తేలాక, డిసెంబర్ 15న సంఘాలను గుర్తిస్తామని కంపెనీ ప్రకటించింది. ఇందులో మనసు మారిందేమీ లేదు. పైలట్ల కొరత వచ్చింది, బేరం చేసే బలం అటు మళ్లింది, అంతే.

గుర్తించగానే అంతా సర్దుకుందని చెప్పడం అబద్ధమవుతుంది. వారానికే జర్మనీ పైలట్లు నాలుగు గంటల సమ్మె చేశారు. 2018 ఆగస్టు 10న ఐదు దేశాల్లో సమ్మెతో 400 దాకా విమానాలు ఆగిపోయాయి. సంఘాలొస్తే ఖర్చులు, సమ్మెలు పెరుగుతాయన్న యాజమాన్యాల భయం వట్టిది కాదు.

అయితే 2020లో జరిగింది కూడా చూడాలి. కోవిడ్‌తో విమానాలు నేల మీదే ఉండిపోయినప్పుడు, బ్రిటన్‌లోని ర్యాన్‌ఎయిర్ పైలట్లు తమ సంఘం ద్వారా ఓటు వేసి 20 శాతం జీతం కోతకు ఒప్పుకున్నారు. ఉద్యోగాలు నిలబెట్టుకోవడానికి, కోసిన జీతం నాలుగేళ్లలో తిరిగి వచ్చేలా రాసుకున్న ఒప్పందం అది. కష్టకాలంలో నష్టాన్ని పంచుకోమని అడగడానికి కూడా అవతల ఒక సంఘం ఉండాలి.

మన దగ్గర అదే కోవిడ్ కోత ఎలా ముగిసింది? 2022 ఏప్రిల్‌లో జీతాల మీద సమ్మెకు సిద్ధమవుతున్నారంటూ కొందరు పైలట్లను ఇండిగో సస్పెండ్ చేసింది. మూడు నెలలు గడిచాక, జులై 2న, క్యాబిన్ సిబ్బంది పెద్ద ఎత్తున సిక్ లీవ్ పెట్టారు. ఆ రోజు ఇండిగో దేశీయ సర్వీసుల్లో సగానికి పైగా ఆలస్యమయ్యాయి. నోటితో చెప్పుకునే చోటు లేనప్పుడు అసంతృప్తి సిక్ లీవ్‌గానో రాజీనామాగానో బయటపడుతుంది. ముందస్తు నోటీసు ఉండే సమ్మె కంటే ప్రయాణికుడికి ఎక్కువ నష్టం చేసే గుణం ఈ రెండింటికీ ఉంది.

2025 డిసెంబర్ కథ అందరికీ తెలిసిందే. దేశ స్థాయి పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి సాధించుకున్న కొత్త డ్యూటీ నిబంధనల దగ్గర అది మొదలైంది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. రెండో విడత నవంబర్ 1న అమల్లోకి వస్తుందని ముందే తెలుసు. అయినా ఆ శీతాకాలానికి ఇండిగో సర్వీసులు పెంచుకుంది. కొత్త నియామకాలు ఆపేశారని పైలట్ల సమాఖ్య బహిరంగంగానే ఆరోపించింది. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. చివరికి సడలించింది దేన్ని? పైలట్ల విశ్రాంతి నిబంధననే. సెలవును వారపు విశ్రాంతిగా లెక్కకట్టకూడదన్న షరతును పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అదే రోజు వెనక్కి తీసుకుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. తప్పు ప్రణాళికలో జరిగింది, కోత నిద్రలో పడింది.

గోదావరి డెల్టాలో దీని బరువు ఎవరి మీద పడుతుందో చూడండి. రాజోలు, అమలాపురం వైపు నుంచి కువైట్, దుబాయ్ వెళ్లేవాళ్లలో కొందరు మధురపూడి నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్, అక్కడి నుంచి గల్ఫ్‌కు వేరే కంపెనీలో ఇంకో టికెట్ కొంటారు. రెండూ ఒకే బుకింగ్ కాదు. మొదటిది రద్దయితే దాని డబ్బు తిరిగి వస్తుందేమో గానీ, రెండోది పోయినట్టే. తెల్లవారుజామున ఫోన్‌కు రద్దు మెసేజ్ వస్తే, హైదరాబాద్ వెళ్లే గౌతమి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కే సమయం దాటిపోయి ఉంటుంది. వడ్డీకి తెచ్చిన డబ్బు, గడువు దగ్గర పడిన వీసా, అవతల ఎదురుచూసే యజమాని, ఇవేవీ రీఫండ్ లెక్కలో చేరవు.

అందుకే డీజీసీఏ శీతాకాలం, వేసవి షెడ్యూళ్లకు అనుమతి ఇచ్చే ముందు ఎన్ని విమానాలున్నాయని చూస్తే చాలదు. ఎంతమంది పైలట్లున్నారో, కొత్త విశ్రాంతి గంటలతో ఆ రోస్టర్ (డ్యూటీల పట్టిక) నడుస్తుందో లేదో పైలట్ల సంఘాల చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు మన రాష్ట్రం వారే. రాజమండ్రికి కొత్త సర్వీసులు కావాలని ఆయన దగ్గరికి వెళ్లే మన ఎంపీలు, చాంబర్ పెద్దలు ఈ విన్నపాన్ని కూడా అదే కాగితం మీద రాసి ఇవ్వాలి.