‘లప్పం పెట్టి రంగేస్తే కారవాన్ రెడీ’ అన్న మాటలో నిజమెంత?

కొన్నాళ్ళుగా మన కోనసీమ, భీమవరం వైపు వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకటే సందేశం తిరుగుతోంది. సారాంశం ఇది: “తుక్కు ధరకి దొరికే పాత మెటాడోర్ వ్యానో, టెంపో ట్రావెలరో కొనండి. తుప్పు ఉన్నచోట లప్పం పెట్టండి, మరీ పోయినచోట అల్యూమినియం రేకు కొట్టండి, రంగేయండి. లోపల ప్లైవుడ్‌తో మంచం, వంటగట్టు. పన్నెండు వోల్టులే కాబట్టి ఏ వైరైనా పనికొస్తుంది. గ్యాస్ బండ మంచం కింద పెట్టుకోండి. పాత బండి గనక వింటేజ్ కింద వస్తుంది, ఆర్టీఓ పర్మిషన్ అక్కర్లేదు. విదేశాల్లో అందరూ పెరట్లోనే చేసుకుంటున్నారు. ఒకసారి చేస్తే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు.”

పాత బండ్లంటే నాకు ప్రాణం. సినిమా షూటింగుల పుణ్యమా అని మనవాళ్ళకి కారవాన్ అనే మాట బాగా తెలుసు. అలాంటిది సొంతంగా ఒకటి ఉండాలని, పిల్లల్ని ఎక్కించుకుని ఏటిగట్టు వెంబడి వెళ్ళాలని ఎవరికైనా అనిపిస్తే సంతోషమే. ఇంటి దగ్గర చేసుకోవడమూ సాధ్యమే. ఆ ఒక్క మాటా ఆ సందేశంలో నిజం. మిగతాదంతా కప్పిపెట్టడాన్ని బాగుచేయడం అని చెబుతోంది. ఆ బండిలో మనవాళ్ళే పడుకుంటారు, మనవాళ్ళే ప్రయాణిస్తారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

“తుప్పు ఉన్నచోట లప్పం పెట్టి రంగేస్తే చాలు”

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, గాలి ఉంటే చాలు. దానికి ఉప్పు తోడైతే పని ఇంకా చురుగ్గా సాగుతుంది, ఎందుకంటే ఉప్పు కలిసిన తేమలో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది. పైగా అందులోని క్లోరైడు రేకుని సమంగా తినదు, సూది గుచ్చినట్టు గుంటలు చేస్తుంది. డెల్టాలో మనకి ఈ మూడూ ఏడాది పొడుగునా ఉన్నాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి. భీమవరం వైపు ఉప్పునీటి చెరువులు. పాత వ్యాన్లలో రొయ్యల ట్రేలు మోసినవి ఎక్కువ. ఐసు కరిగిన ఉప్పునీరు ఫ్లోరు అతుకుల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. పైనుంచి మ్యాట్ వేసి ఉంటుంది గనక కొనేవాడికి కనబడదు.

లప్పం ఉన్నది సొట్టలు పూడ్చడానికి. అదీ శుభ్రంగా గీకిన గట్టి రేకు మీద, పల్చగా. తుప్పు మీద పెడితే లోపల తుప్పు ఆగదు, మన కళ్ళకి కనబడకుండా పోతుంది, అంతే. తుప్పుగా మారిన ఇనుము అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే కొంతకాలానికి రంగు బొబ్బలెక్కి, లప్పం పెచ్చులుగా లేస్తుంది. అప్పటికి వెనక ఉన్న రేకు సగం పోయి ఉంటుంది.

ఈ మధ్య రావులపాలెం దగ్గర ఒక షెడ్డులో కొత్తగా రంగేసిన ట్రావెలర్‌ని బేరానికి పెట్టారు. నాతో వచ్చిన టింకరింగ్ మేస్త్రి జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి, రంగు గీసుకుపోకుండా గుడ్డ చుట్టి, తలుపు మీద పెట్టాడు. అతుక్కుంది. మెల్లగా కిందికి జరుపుతూ వెనక చక్రం పైకి తెచ్చేసరికి జారి కింద పడింది. సీటు పక్కన స్క్రూడ్రైవర్‌తో నొక్కితే పిడి దాకా దిగిపోయింది. లోపల్నుంచి గోనెపట్టా ముక్క బయటికొచ్చింది. “ఆయ్, ఇది రేకు కాదండి, లప్పమేనండి. సీటు బెల్టు బోల్టు కూడా దీనికే బిగించారు చూడండి” అన్నాడు. బ్రేకు గట్టిగా వేసిన రోజున ఆ బోల్టు ఎవర్ని పట్టుకుంటుంది?

మరి సరైన పని ఏమిటి? గట్టి ఇనుము తగిలేదాకా తుప్పు రేకు కోసేయాలి. అదే మందం కొత్త రేకు వెల్డింగ్ చేసి గ్రైండింగ్ పట్టాలి. తరవాత మంచినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, గుంటల్లో ఉప్పు మిగిలితే ఏ ప్రైమరూ (రంగుకి ముందు వేసే పూత) నిలవదు. ఇక్కడ మన ఊళ్ళవాళ్ళు ఒక సంగతి చూసుకోవాలి. తీరం దగ్గర చాలా బోర్లలో ఉప్పునీళ్ళే పడతాయి. ఆ నీటితో కడగడమంటే తీసిన ఉప్పుని మళ్ళీ పూయడమే. కాలవ నీళ్ళో, వానకి పట్టిన నీళ్ళో వాడండి.

ఒట్టి రెడ్ ఆక్సైడ్ తేమని అంతగా ఆపదు, ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. అదీ వాతావరణం చూసి. రేకు వేడి, మంచు పట్టే ఉష్ణోగ్రత కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలనీ, గాలిలో తేమ 85 శాతం దాటకూడదనీ పెయింటింగ్‌లో లెక్క. ధనుర్మాసపు పొద్దున్న మన దగ్గర రేకు ముట్టుకుంటే వేళ్ళు తడుస్తాయి. ఆ తడి మీద వేసిన ప్రైమర్ పొరలా ఊడొస్తుంది. సంక్రాంతి మంచు పోయాక, మే లోపు, పొద్దెక్కాక చేసుకోవాలి ఈ పని. అతుకుల్లో సీలెంట్ (నీళ్ళు దూరకుండా పూసే జిగురు), పెట్టెల్లాంటి బోలు భాగాల్లోకి గొట్టంతో మైనం స్ప్రే, తలుపుల అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు బురదతో మూసుకుపోకుండా చూడటం: ఇవేవీ ఫొటోలో కనబడవు. బండిని నిలబెట్టేవి మాత్రం ఇవే.

ఛాసిస్ (బండి అడుగు చట్రం) అడ్డకమ్ములు, బ్రేకు ఆయిలు పైపులు కూడా ఇనుమే. పైపు మీద తుప్పు పెచ్చు కనబడితే మారుమాట లేకుండా మార్చేయాలి. టైరు గాడులు బాగున్నా దాని వయసు చూడండి. పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019వ ఏడు 23వ వారంలో తయారైందని.

“పోయినచోట అల్యూమినియం రేకు కొట్టేయండి, అది తుప్పు పట్టదు”

అల్యూమినియానికి తుప్పు పట్టదు, నిజం. కానీ ఇనుముకి ఆనుకుని, మధ్యలో ఉప్పు తేమ ఉంటే రెండు లోహాలూ కలిసి ఒక బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో అరిగిపోయేది అల్యూమినియమే. రివిట్ల చుట్టూ తెల్లటి పొడి రాలుతుంటే అదే గుర్తు. మధ్యలో ప్రైమర్, సీలెంట్ పొర ఉంటే ఈ రెండూ కలిసి బతకగలవు. పాత తుప్పు ఫ్లోరు మీద పరిచి రివిట్లు కొట్టడం మాత్రం కింద తడిని బంధించడమే.

“ప్లైవుడ్‌తో మంచం, వంటగట్టు కట్టించండి”

కట్టించండి, కానీ ఏ ప్లైవుడ్? షాపులో చవగ్గా దొరికే ఎం.ఆర్. రకం ఇంటి లోపలి బీరువాలకి. ఊరికే తేమని ఓర్చుకుంటుంది, తడిని కాదు. మనకి కావలసింది ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్. అదైనా నీళ్ళు తాగేది అంచుల నుంచే, కోసిన ప్రతి అంచుకీ, కొట్టిన ప్రతి రంధ్రానికీ ఎపాక్సీయో రంగో పట్టించాలి. తాళ్ళరేవు వైపు చెక్క నావల పని తెలిసిన వడ్రంగులకి ఈ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. కలప ఎక్కడ నీళ్ళు పీలుస్తుందో వాళ్ళ చేతులకి తెలుసు. అలాంటి వడ్రంగి దొరికితే ఇంటీరియర్ డిజైనర్ని వదిలేసి ఆయన్నే పిలవండి.

ఇంకోటి బరువు. 18 మి.మీ. ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే సుమారు 35 కిలోలు. ఆరు షీట్లు పడితే రెండు క్వింటాళ్ళ పైమాటే. రెండొందల లీటర్ల నీళ్ళ ట్యాంకు మరో రెండు క్వింటాళ్ళు. ఇన్వర్టర్ బ్యాటరీ యాభై అరవై కిలోలు. ఇదంతా ఒక పక్కనే పేరిస్తే కాలవగట్టు మలుపులో బండి ఎటు వాలుతుందో ఊహించుకోండి. మంచాలకి 9 లేక 12 మి.మీ. ప్లైవుడ్, కింద చెక్క ఫ్రేము చాలు. పని సగంలో ఒకసారి, అయ్యాక ఒకసారి ధాన్యం లారీలు తూచే వేబ్రిడ్జి మీదకి ఎక్కించి, సీ బుక్కులో రాసిన మొత్తం బరువుతో పోల్చుకోండి.

“పన్నెండు వోల్టులే, ఏ వైరైనా ఫర్వాలేదు”

షాక్ కొట్టదు, నిజమే. కానీ వైరు కాలుతుంది. 120 వాట్ల సామాను ఇంట్లో 230 వోల్టుల మీద అర ఆంపియరు తీసుకుంటే, బండిలో 12 వోల్టుల మీద పది ఆంపియర్లు తీసుకుంటుంది. బ్యాటరీకి అయిదు మీటర్ల దూరంలో ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు వేశారనుకోండి, రానూ పోనూ పది మీటర్లు. దారిలోనే 1.7 వోల్టులు పోతాయి, పోయిందంతా వేడి అవుతుంది. నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది అర వోల్టు లోపే. ప్రతి లైనుకీ ఫ్యూజు ఉండాలి, అసలు ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గర్లో ఉండాలి. రేకు అంచుకి రాసుకుని తొడుగు చిరిగిన వైరులోకి, ఫ్యూజు లేకపోతే, బ్యాటరీ వందల ఆంపియర్లు పంపగలదు. అప్పటికి చుట్టూ ఉండేది ప్లైవుడ్డూ, పరుపులూ.

“గ్యాస్ బండ మంచం కింద”

వద్దు. ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, ఫ్లోరు మీద పరుచుకుని మంచం కిందే పేరుకుంటుంది, అదీ మనిషి పడుకునే చోట. బండకి బయటినుంచి తెరుచుకునే వేరే అర ఉండాలి, దాని అడుగున గాలి బయటికి పోయే రంధ్రం ఉండాలి, బండ నిలువుగా కట్టి ఉండాలి. ఇది చేయలేకపోతే వంట బండి బయటే చేసుకోండి. తలుపులు బిగించి లోపల స్టవ్ వెలిగించి నిద్రపోవడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు.

“విదేశాల్లో అందరూ పెరట్లోనే చేసుకుంటున్నారు”

ఇంగ్లండులో సరదా ప్రయాణాల కారవాన్ చరిత్ర 1885 నాటిది. గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు ‘ది వాండరర్’ పేరుతో గుర్రాలు లాగే బండి కట్టించుకున్నాడు. ఇప్పుడు అక్కడివాళ్ళు పెరట్లో బాగుచేసుకునే పాత కారవాన్లు ఎక్కువగా కారు వెనక తగిలించి లాగేవి. చెక్క ఫ్రేము, పైన పల్చటి అల్యూమినియం. ఇంజను ఉండదు. అక్కడ వాటికి విడిగా రిజిస్ట్రేషన్ లేదు, ఏడాదికోసారి చేయించే వాహన పరీక్షా లేదు. మన దగ్గర ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. పైగా మనం మాట్లాడుకుంటున్నది మనుషులు కూర్చుని ప్రయాణించే వ్యాను. ఆ వీడియోల నుంచి నేర్చుకోదగ్గది వేరే ఉంది. ఏ మంచి పనివాడైనా అక్కడ ముందు చేసేది లోపలి తొడుగంతా పీకి, చెక్క ఎక్కడ తడిసి కుళ్ళిందో చూడటం. రంగు సంగతి చివర్లో.

“వింటేజ్ కింద వస్తుంది, పర్మిషన్ అక్కర్లేదు”

కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్ళు దాటిన రెండు, నాలుగు చక్రాల బండి, అదీ ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్నది. దానికి ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయల ఫీజు. రోజువారీ తిరగడానికి రోడ్డెక్కించకూడదు. 1980ల చివర్లో వచ్చిన ట్రావెలర్‌కి ఆ వయసే లేదు. వయసున్న బండినైనా కోసి కారవాన్ చేస్తే ఆ అర్హతే పోతుంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీ వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని మార్పుకి 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మోటారు కారవాన్లకి ఏఐఎస్ 124 అని విడిగా ప్రమాణమే ఉంది. కాబట్టి గ్రైండర్ చేతపట్టే ముందే గీసుకున్న ప్లానుతో ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళండి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడండి. పసుపు బోర్డు బండి అయితే సొంత వాడకానికి మార్పించుకోవడం కూడా అక్కడే. పర్మిషన్ లేని మార్పు చూపించి ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిము తిరస్కరించే అవకాశమూ ఉంది.

ఈ సందేశానికి తోకలా ఇంకో మాట తిరుగుతోంది, పదిహేనేళ్ళు దాటితే బండి తుక్కేనని. అది ఢిల్లీ ప్రాంతపు ఆంక్షలు చూసి పుట్టిన భయం. మన దగ్గర సొంత వాడకం బండికి పదిహేనేళ్ళ తరవాత తనిఖీ చేయించి, అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు, హరిత పన్ను కట్టి. తుప్పు నిజంగా తీసిన బండికి ఆ తనిఖీ అంటే భయం ఉండదు.

“ఒకసారి చేస్తే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు”

అంతర్వేది తీర్థానికి వెళ్ళొచ్చిన మర్నాడే చూసుకోవాలి. అడుగుభాగం, చక్రాల పైభాగం మంచినీళ్ళతో కడగాలి. వానలు మొదలవకముందు అద్దాల బీడింగు, పైకప్పు అతుకులు తడిమి చూసి, పగిలినచోట సీలెంట్ మార్చాలి. తుపాను రోజులు పోయాక ఫ్లోరు మ్యాట్లు ఎత్తి ఎండబెట్టాలి. తలుపు అడుగు రంధ్రాల్లో పుల్ల పెట్టి తిప్పాలి. మేస్త్రి దగ్గరున్నలాంటి చిన్న అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవర్ మీ దగ్గరా ఉంచుకోండి. బండి కొనడానికి వెళ్ళేటప్పుడు కూడా.