కాన్పు గదికి వేన్నీళ్లు

పురిటి నొప్పులు పళ్లబిగువున ఓర్చుకోవలసినవేనన్న నమ్మకం మన ప్రసూతి గదులను ఇంకా వదలలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అవి 81.5 శాతం. ముహూర్తాల మోజు మొదలు బిల్లుల లెక్కల దాకా ఇందుకు కారణాలు అనేకం ఉన్నా, నొప్పుల భయం వాటిలో చిన్నదేమీ కాదు.

ఆ భయాన్ని తగ్గించే సాధనాలు ఖరీదైనవి కావు. గోరువెచ్చని నీటిలో బిగుసుకున్న కండరాలు సడలుతాయి, ఒంటి బరువు తేలికై అటూ ఇటూ కదలడం సులువవుతుంది. నొప్పుల తొలి దశను నీటిలో గడిపినవారికి ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్ను దగ్గర ఇచ్చే మత్తుమందు) అవసరం కొంత తగ్గిందని, తల్లీబిడ్డలకు హాని పెరిగిన దాఖలాలు లేవని వైద్య అధ్యయనాలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2018 నాటి సమీక్ష తేల్చింది. నీటిలోనే బిడ్డను కనడం వేరే చర్చ. దాన్ని దీనితో ముడిపెట్టి బెదిరిపోనక్కర్లేదు.

రద్దీతో కిక్కిరిసే హైదరాబాద్‌లోని పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆస్పత్రుల్లో టబ్బులు పెట్టమని మేము అడగడం లేదు. టబ్బు ఫొటోలతో ప్యాకేజీలు అమ్ముకునే పని కార్పొరేట్ ఆస్పత్రులు ఎలాగూ చూసుకుంటాయి. లేబర్ రూంకు ఆనుకున్న స్నానాల గదిలో ఒక గీజరు, హ్యాండ్ షవరు, కాలు జారని నేల, కూర్చోవడానికి స్టూలు, పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ ఉంటే చాలు. గర్భిణి ముందుకు వాలి కూర్చుంటే, తోడున్న మనిషి నడుం మీద నీళ్లు ధారగా పోస్తుంది. ఆ నీళ్లు 37.5 డిగ్రీలు దాటకుండా థర్మామీటరుతో చూసుకోవాలి. ఆ వసతి కూడా లేనిచోట నడుముకు వేడి కాపడం, మర్దన, గదిలో నడక ఉండనే ఉన్నాయి; ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు వీటన్నిటినీ సిఫారసు చేశాయి.

అయితే నీళ్లు పోసే ఆ తోడు మనిషిని లోపలికి రానివ్వాలి కదా! ప్రభుత్వాస్పత్రుల కాన్పు గదుల్లో గర్భిణికి తోడుగా ఒక మహిళను అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పినా, గడప దగ్గరే ఆపేసే అలవాటు పూర్తిగా పోలేదు. 2017 నుంచి రాష్ట్రం ప్రత్యేకంగా మిడ్‌వైఫ్‌లకు (కాన్పులు చేసే నర్సులకు) శిక్షణ ఇస్తోంది. వారికి ఈ పద్ధతులన్నీ తెలుసు, కావలసిందల్లా వాటిని ఆచరించే వెసులుబాటు.

ఇవేవీ మత్తుమందుకు పోటీ కావు. ఎపిడ్యూరల్ కావాలన్న తల్లికి వేన్నీళ్లు చూపించి సరిపెట్టడం కూడా నిర్దయే. రక్తపోటు, రక్తస్రావం వంటి చిక్కులున్నవారి విషయంలో తుది మాట వైద్యులదే. మిగతా తల్లుల కోసం వైద్యారోగ్య శాఖ ముందుగా నగరంలోని ప్రసూతి ఆస్పత్రుల స్నానాల గదులను తనిఖీ చేయించి, ఎక్కడ వేడి నీరు రావడం లేదో జాబితా బయటపెట్టాలి.