తొంభైల కామిక్స్: అట్ట తీసేసి చూస్తే

చిక్కడపల్లిలో మా సందు చివర ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. కొత్త కామిక్ రాగానే షాపాయన దాని రంగుల అట్ట పీకేసి, పైనా కిందా దళసరి అట్టముక్కలు పెట్టి పురికొసతో కుట్టేసేవాడు. రోజుకు రూపాయి అద్దె. అన్ని చేతులు మారే పుస్తకం అలా కుట్టకపోతే వారం కూడా నిలవదు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కుప్పపోసి అమ్మే అమెరికన్ కామిక్స్‌లోనూ చాలావాటికి అట్టలుండేవి కావు. అందుకే ఈ ఊళ్లో పెరిగిన నాలాంటివాళ్లకు తొంభైల కామిక్స్ అంటే లోపలి పేజీలే. వాటి ముఖచిత్రాలు ఇంటర్నెట్ వచ్చాక గానీ చూడలేదు.

ఆ దశాబ్దం గురించి ఇప్పుడు ఎవరిని కదిపినా స్వర్ణయుగం అనైనా అంటారు, చెత్త అనైనా అంటారు. అట్ట లేకుండా చదివినవాడిగా నాకు రెండూ తొందరపాటు మాటలే అనిపిస్తాయి. అప్పటి కంపెనీలు చేసిన పెద్ద తప్పులన్నీ దాదాపు అట్ట చుట్టూ తిరిగినవే. లోపల కూర్చుని పనిచేసినవాళ్ల సంగతి వేరు.

1991లో అమెరికాలోని మార్వెల్ కంపెనీ, అతీత శక్తులున్న వీరుల బృందం 'ఎక్స్-మెన్' కొత్త సిరీస్ మొదటి సంచికను ఐదు రకాల అట్టలతో వేసింది. నాలుగు అట్టలు పక్కపక్కన పెడితే ఒకే పెద్ద బొమ్మ అవుతుంది, ఐదో దాంట్లో ఆ బొమ్మంతా మడతపెట్టి ఉంటుంది. కథ మాత్రం ఐదింట్లోనూ ఒక్కటే. 80 లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. అవన్నీ చదివేవాళ్లు కొన్నవి కావు. 1930ల నాటి కామిక్స్ వేలంలో వేల డాలర్లు పలుకుతున్నాయని విని, రేపు వీటికీ అంత ధర వస్తుందని జనం ఒక్కొక్కరు నాలుగైదు కొని దాచారు. షాపులవాళ్లూ పెట్టెలకు పెట్టెలు తెప్పించి పెట్టుకున్నారు. పాత కామిక్స్‌కు ధర రావడానికి కారణం, పిల్లలు చదివి చింపి పారేశాక కొన్నే మిగలడం. 80 లక్షల కాపీలను అందరూ భద్రంగా దాచుకుంటే వాటికి ధర ఎక్కడినుంచి వస్తుంది? ఈ చిన్న లెక్క ఎవరూ వేసుకోలేదు. కొన్నేళ్లకే అమ్మకాలు పడిపోయాయి, షాపులు వరసగా మూతపడ్డాయి, 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది.

నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇంకొకటుంది. ఎక్స్-మెన్ కథలను 1975 నుంచి పదహారేళ్లు రాసి నిలబెట్టిన క్రిస్ క్లేర్‌మాంట్, ఎడిటర్‌తో పొసగక, ఈ కొత్త సిరీస్ మూడో సంచికతో తప్పుకున్నాడు. కథకుడు పోయినా ఫరవాలేదు, బొమ్మలుంటే చాలనుకున్నారు. ఆ బొమ్మలేమో పళ్లు బిగించిన మొహాలు, మనిషంత తుపాకులు, నడుముకు డజను సంచులు, నడుమే లేని ఆడవాళ్లు. చూడటానికి జోరుగా ఉండేవి. కానీ ఎవరు ఎవరిని ఎందుకు కొడుతున్నారో తెలిసేది కాదు. ఒక కథ నాలుగైదు పత్రికల్లో ముక్కలుగా నడిచేది. ఆబిడ్స్‌లో ఒక ముక్క దొరికిన కుర్రాడికి మిగతావి ఎన్నటికీ దొరికేవి కావు. మూడు ఆదివారాలు వెతికి ఏడుపు మొహంతో ఇంటికొచ్చిన రోజులు నాకు బాగా గుర్తు.

ఆ హడావుడిలోనే 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ చచ్చిపోయే సంచిక వచ్చింది. నల్ల కవర్లో సీలు చేసి, లోపల చేతికి కట్టుకునే నల్ల పట్టీ పెట్టి అమ్మారు. కవరు చింపితే ధర పోతుందని చాలామంది అది తెరవనే లేదు. లోపల ఏం చేశారో చూడండి. అంతకు మూడు సంచికల ముందు పేజీకి నాలుగు బొమ్మలు. తర్వాతి దాంట్లో మూడు, ఆ తర్వాత రెండు. చివరిదాంట్లో ప్రతి పేజీకీ ఒకే ఒక్క బొమ్మ. పోట్లాట ముదిరేకొద్దీ పేజీలో బొమ్మల సంఖ్య తగ్గి ఒక్కో బొమ్మ పెద్దదవుతుంది. పేజీ తిప్పిన ప్రతిసారీ ఒక దెబ్బ పడ్డట్టు ఉంటుంది. మాటల్లో రాసే కథ ఈ పని చెయ్యలేదు, సినిమా కూడా చెయ్యలేదు. కామిక్‌కు మాత్రమే చేతనైన పని అది. మరుసటి ఏడాదే సూపర్‌మ్యాన్‌ను తిరిగి బతికించారు, ఆ చావుకు విలువ లేకుండా పోయింది. ఆ తప్పు కథదే, కాదనను. కానీ ఆ పేజీలు గీసినవాళ్ల పనితనాన్ని లక్షలమంది కొని కూడా చూడకుండా అటక మీద పెట్టారన్నది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అదే 1992లో ఏడుగురు పేరున్న చిత్రకారులు మార్వెల్‌ను వదిలి ఇమేజ్ కామిక్స్ పెట్టుకున్నారు. గీసినవాడిదే హక్కు అన్నది వాళ్ల షరతు. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన ఇద్దరు కుర్రాళ్లు 1938లో హక్కులన్నీ 130 డాలర్లకు రాసిచ్చిన సంగతి తెలిసినవాళ్లకు ఈ షరతు ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఇమేజ్ వాళ్ల తొలి కామిక్స్‌లో కథ పలచన, సంచికలు నెలల తరబడి ఆలస్యం. అయినా ఆ తర్వాత వచ్చిన ఎంతోమంది రచయితలకు తమ కథ తమదిగా ఉంచుకునే దారి వేసింది వాళ్లే. అదే ఏడాది, నాజీల చేతిలో యూదులు పడ్డ బాధలను ఎలుకలు, పిల్లుల రూపంలో చెప్పిన 'మౌస్'కు పులిట్జర్ ప్రత్యేక బహుమతి వచ్చింది. నలుపు తెలుపు బొమ్మలు, మెరుపు అట్ట లేదు.

ఇక మన దగ్గరికొస్తే, హైదరాబాద్ పిల్లలు ఎక్కువగా చదివింది హిందీలో రాజ్ కామిక్స్. వీధిలో 'నక్కో', 'కైకు' అనుకునే మాకు, 'కింతు', 'పరంతు' అని పుస్తకాల హిందీ మాట్లాడే వాటి హీరో నాగరాజ్ వింతగా ఉండేవాడు. నా హిందీ వాచకం కన్నా ఎక్కువ మాటలు నేర్పింది అతనే. ఒంట్లో పాములున్న ఆ హీరోను టెర్రరిస్టుల చేతినుంచి విడిపించేది బాబా గోరఖ్‌నాథ్. ఆ ఊహ మన నేలది. అదే రాజ్ కామిక్స్‌లో అనుపమ్ సిన్హా తానే రాసి తానే గీసిన సూపర్ కమాండో ధ్రువకు ఏ శక్తులూ లేవు, సర్కస్‌లో నేర్చిన ఒడుపూ బుర్రా తప్ప. సర్కస్ పుట్టుక బ్యాట్‌మ్యాన్ జతగాడు రాబిన్‌ను గుర్తుచేసే మాట నిజమే. కానీ చిక్కులో పడ్డప్పుడు ధ్రువ ఆలోచించే తీరు చూస్తూ, సైన్స్ క్లాసులో విన్నది ఎందుకు పనికొస్తుందో తెలుసుకున్న పిల్లలు నాకు తెలుసు.

రాజ్ కామిక్స్‌లోని మరో హీరో డోగా విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ గుబులే. చెత్తకుప్పలో దొరికిన పసివాడు, కుక్క ముసుగు, ముంబై చీకటి సందులు. నాకు అతనంటే ప్రాణం. అతను నేరస్తుణ్ని పట్టివ్వడు, కాల్చేస్తాడు. కోర్టు అన్న మాటే వినపడదు. పన్నెండేళ్ల వయసులో అది న్యాయంలాగే కనిపించింది. పెద్దయ్యాక ఎన్‌కౌంటర్ వార్తకు నా తోటివాళ్లు చప్పట్లు కొడుతుంటే, మేమంతా ఆ పేజీలు ఎంత ఇష్టంగా తిప్పామో గుర్తొచ్చింది. కామిక్ వల్లే అలా అయ్యామని అనను. ఆ కోపాన్ని మేం అడిగినంతా మాకు తినిపించింది, దాని అవతలి వైపును ఒక్కసారి కూడా చూపించలేదు అంటాను.

కేబుల్ టీవీ వచ్చింది, అద్దె షాపులకు పిల్లలు రావడం తగ్గింది. తెలుగులో అసలే ఎక్కువ కామిక్స్ లేవు. బుజ్జాయి గీసిన 'డుంబు' బొమ్మల కథలను తలుచుకునేవాళ్లు మా ముందు తరంవాళ్లు. 'చందమామ'లో శంకర్ బేతాళుణ్ని గీస్తే ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. అది కథకు బొమ్మ, బొమ్మలతో నడిచే కథ కాదు. ఆ చందమామ కూడా 1998లో ఆగి ఏడాదికి పైగా రాలేదు. తమిళులకు శివకాశి నుంచి ముత్తు కామిక్స్, లయన్ కామిక్స్ వారి భాషలోనే వచ్చేవి, ఇప్పటికీ వస్తున్నాయి. మనకు చిత్రకారులున్నారు, ప్రెస్సులున్నాయి, చదివే పిల్లలున్నారు. అయినా ఎవరూ పూనుకోలేదు. తొంభైల గురించి అమెరికా వాళ్లకు ఎన్ని ఫిర్యాదులున్నా, నా ఫిర్యాదు ఇదే.

మా షాపాయన దుకాణం ఎత్తేసేటప్పుడు మిగిలిన కామిక్స్‌లో పద్నాలుగు నేను కొనుక్కున్నాను. పురికొస కుట్లు ఇంకా ఊడలేదు. తొమ్మిది హిందీవి, ఐదు ఇంగ్లిష్‌వి.