ఇంట్లో ప్రొజెక్టర్ హెడ్‌లైట్లు: ఆ మెసేజ్ ఇంకొకరికి పంపే ముందు

మళ్లీ అదే మెసేజ్. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, చివరికి మా మేనల్లుడు కూడా "మావయ్యా, ఆదివారం మన కారుకి చేసేద్దామా" అంటూ పంపాడు. వాడికి విడిగా చెప్పడం కన్నా అందరికీ ఒకేసారి రాసేయడం మేలనిపించింది.

"రెండు గంటల్లో ఇంట్లోనే ప్రొజెక్టర్ హెడ్‌లైట్లు" అని పైన పెద్ద అక్షరాలు. ప్రొజెక్టర్ అంటే ముందు గుండ్రటి లెన్సు పెట్టి వెలుగును ఒక్కచోటికి చేర్చే లైటు. కింద చెప్పింది ఇదీ: కంపెనీ ఇచ్చిన లైట్లు చాలవు. హెడ్‌లైట్‌ను వంటింటి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర పెట్టి గ్లాస్ ఊడదీయండి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన ఏ ప్రొజెక్టరైనా కొనండి, అన్నీ ఒకటే. 8000 కెల్విన్ బల్బు వేయండి. కట్‌ఆఫ్ కాస్త పైకి పెట్టండి, దూరం బాగా కనిపిస్తుంది. సిలికాన్ పూసి అతికించేయండి. వైరింగ్ ముట్టుకోనక్కర్లేదు. పోలీసులు ఆపితే చిన్న ఫైన్ కట్టేస్తే సరి.

వీటిలో కొన్నిటి వల్ల మీ డబ్బు పోతుంది, అంతే. ఒకదాని వల్ల ఎదురుగా వచ్చేవాడి ప్రాణం పోతుంది. నాకు కోపం తెప్పించింది అదే.

ఓవెన్ సంగతి త్వరగా తేల్చేద్దాం. హెడ్‌లైట్ ముందుండే "గ్లాస్" నిజానికి పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్, అది 147 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. వెనక ఉండే హౌసింగ్, అంటే లైటు డబ్బా, చాలా కార్లలో పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్, అది 160 దాటాక కరుగుతుంది. 200 పెట్టమన్నవాడు ఒక్కసారైనా తన చేత్తో చేసి ఉండడు. పని తెలిసినవాళ్లు 100 దాటి కొద్దిగా వేడిచేస్తారు. గ్లాస్‌ను పట్టి ఉంచే బ్యూటైల్ జిగురు మెత్తబడితే చాలు. కొన్ని కార్లలో ఆ జిగురు వేడికి లొంగని గట్టిరకం ఉంటుంది. దాన్ని బలవంతంగా లాగితే గ్లాస్ పగులుతుంది, కొత్త హెడ్‌లైట్ కొనుక్కోవాలి.

8000 కెల్విన్ గురించి రెండు మాటలు చాలు. కెల్విన్ అంటే రంగు, వెలుతురు ఎంతన్నది కాదు. కంపెనీలు కార్లలో వేసే జెనాన్ బల్బులు 4300 దగ్గర ఉంటాయి. అంతకన్నా పైకి పోయేకొద్దీ కాంతి నీలంగా మారుతుంది, పనికొచ్చే వెలుతురు తగ్గుతుంది. వానలో అరకు దారిలో అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఆ నీలి కాంతిలో తడి రోడ్డు అంచు ఎక్కడుందో తెలియదు.

ఇక "అన్నీ ఒకటే", "కట్‌ఆఫ్ కాస్త పైకి" అన్న ఆ రెండు వాక్యాలు.

ప్రొజెక్టర్ లోపల ఒక చిన్న రేకు ఉంటుంది. అది కాంతిని పైకి పోకుండా కత్తిరిస్తుంది. గోడ మీద వెలుగు వేస్తే కనిపించే ఆ గీతే కట్‌ఆఫ్. మన దేశానికి సరిపోయే దాంట్లో ఆ గీత కుడివైపు సమంగా ఉండి, ఎడమవైపు పైకి లేస్తుంది. ఎడమ పక్క నడిచేవాళ్లు, బోర్డులు కనిపించాలి, కుడి పక్క ఎదురొచ్చే వాహనానికి మిరుమిట్లు పడకూడదు. అందుకే ఆ ఆకారం. చైనా, అమెరికా, జర్మనీలలో బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి కాబట్టి అక్కడి ప్రొజెక్టర్లలో గీత కుడివైపు లేస్తుంది. దాన్ని తెచ్చి మన కారుకు బిగిస్తే, మీరు ఎంత శ్రద్ధగా సర్దినా, పైకి లేచిన ఆ ముక్క తిన్నగా ఎదురొచ్చే డ్రైవర్ కళ్లలోకే పోతుంది. చవగ్గా అమ్మే వాటిలో ఇలాంటివి బోలెడు. కొనేముందు స్టీరింగ్ కుడివైపు ఉండే కార్ల కోసం చేసిందా అని అడగాలి. మెసేజ్‌లో ఈ ముక్కే లేదు. పైగా అన్నీ ఒకటేనట!

సరే, మంచిదే కొన్నారనుకుందాం. దాన్ని "కాస్త పైకి" పెడితే ఏమవుతుందో లెక్క వేద్దాం. లైటు నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. గీత లైటు కన్నా కొంచెం కిందికి వంగి ఉండాలి, 10 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లు. అలా ఉంటే వెలుగు 70 మీటర్ల దగ్గర రోడ్డును తాకి ఆగిపోతుంది. మీరు దాన్ని కిందికి కాకుండా లైటు కన్నా 10 సెంటీమీటర్లు పైకి పెట్టారు. అప్పుడు 50 మీటర్ల దూరంలో గీత 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, అంటే కారు డ్రైవర్ కంటి ఎత్తు. 80 మీటర్ల దగ్గర 150 సెంటీమీటర్లు, అంటే స్కూటర్ మీద వచ్చేవాడి ముఖం. ప్రొజెక్టర్లో అన్నిటికన్నా తీవ్రమైన కాంతి ఆ గీతకు సరిగ్గా కిందే ఉంటుంది. గిన్నెలాంటి అద్దంతో వెలుగు చిమ్మే మామూలు రిఫ్లెక్టర్ లైటు కొంచెం పైకి లేచినా వెలుగు చెదిరిపోతుంది కాబట్టి ఎలాగో సర్దుకుపోవచ్చు. ప్రొజెక్టర్ అలా కాదు, ఉన్న బలమంతా ఒక్కచోట పెట్టి కొడుతుంది.

విశాఖలో రుషికొండ దాటి భీమిలి వైపు రాత్రిపూట వెళ్లే వాళ్లెవరికైనా ఈ లెక్క అక్కర్లేదు. మంగమారిపేట దగ్గర బుట్టలు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటే ఆడవాళ్లుంటారు. వంపులో ఎదురుగా ఇలాంటి తెల్లటి లైటు వచ్చిందంటే, తేరుకోవడానికి కంటికి కొన్ని సెకన్లు పడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం. ఆ దూరమంతా డ్రైవర్ గుడ్డిగా నడుపుతున్నట్టే. శుక్లాలున్న పెద్దవాళ్లయితే ఇంకా ఎక్కువసేపు. ఆ రోడ్డు మీద ఆ సెకన్లలో ఎవరున్నారో వాళ్ల గతేమిటి? "దూరం బాగా కనిపిస్తుంది" అని రాసినవాడికి ఈ ప్రశ్న ఒక్కసారైనా తట్టిందా? ఎవరికి కనిపిస్తుంది? దూరం చూడటానికే కదా కారులో హైబీమ్ ఇచ్చింది, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని వాడుకోమని!

ఇంకో సంగతి. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను పెట్టుకుని అరకు బయల్దేరితే కారు ముక్కు పైకి లేస్తుంది, లైటూ లేస్తుంది. స్టీరింగ్ పక్కనుండే 0, 1, 2, 3 చక్రం దానికోసమే. ప్రొజెక్టర్‌ను రిఫ్లెక్టర్ కప్పుకు బిగిస్తే ఆ చక్రం తిప్పినప్పుడు అదీ కదులుతుంది. హౌసింగ్‌కే బిగించేస్తే చక్రం, వెనకుండే సర్దుబాటు స్క్రూలు రెండూ దండగే. ఐరోపా నిబంధనల్లో 2000 లూమెన్లు (లూమెన్ అంటే వెలుతురు కొలత) దాటిన లైట్లకు ఎత్తు దానంతటదే సర్దుకునే ఏర్పాటు తప్పనిసరి చేశారంటే ఊరికే కాదు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. మెసేజ్ రాసినవాడు మొదలుపెట్టిన మాట నిజం. మన కార్లలో చాలావాటికి ఇచ్చిన హాలొజన్ లైట్లు చాలవు. హెచ్4 రకం హాలొజన్ బల్బు లోబీమ్‌లో ఇచ్చేది సుమారు 1000 లూమెన్లే. ఆనందపురం దాటాక హైవే మీద దీపాల్లేని చోట అది సరిపోదు, ఆ బాధ నాకూ తెలుసు. హాలొజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్లో ఎల్‌ఈడీ బల్బు దోపి తిరగడం కన్నా, సరైన ప్రొజెక్టర్ సరిగ్గా సర్ది పెట్టుకుంటే ఎదుటివాళ్లకు ఎంతో నయం. అంతెందుకు, షోరూమ్ నుంచి వచ్చిన ఎల్‌ఈడీ కార్లలోనే ఎత్తు సరిగా లేనివి ఎన్నో. ఇంట్లో ఓపిగ్గా గోడ ముందు నిలబెట్టి సర్దుకున్న మనిషి వాళ్లకన్నా మంచి పని చేసినట్టే. ఇంట్లో చేయడం నాకు అభ్యంతరం కాదు.

సిలికాన్ గురించి సముద్రం పక్కనున్న మనం మరీ జాగ్రత్త పడాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే సిలికాన్లలో చాలావాటికి వెనిగర్ వాసన వస్తుంది. అది ఆరేటప్పుడు వచ్చే ఎసిటిక్ ఆసిడ్ ఆవిరి, మూసేసిన హెడ్‌లైట్ లోపల రిఫ్లెక్టర్ మీది మెరుపు పూతను తినేస్తుంది. బ్యూటైల్ తాడు వాడాలి, పాత జిగురు పూర్తిగా తీసి వేయాలి, గాలి ఆడే వెంట్లు మూసుకుపోకుండా చూడాలి. లేకపోతే విశాఖ గాలికి మొదటి వానాకాలంలోనే లోపల నీటి బొట్లు కనిపిస్తాయి.

వైరింగ్ విషయంలో సగం నిజం. 40 వాట్ల లోపు ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ 55 వాట్ల హాలొజన్ కన్నా తక్కువే లాగుతుంది, దానికి పాత వైర్లు చాలు. జెనాన్ అయితే వెలిగే క్షణంలో 20 వేల వోల్టులు దాటుతుంది, మొదటి కొన్ని సెకన్లు కరెంటు కూడా ఎక్కువ లాగుతుంది. దానికి రిలే (బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే స్విచ్చి), ఫ్యూజు వేరుగా ఉండాలి.

చిన్న ఫైన్ అట. మోటారు వాహనాల చట్టానికి 2019లో సవరణ తెచ్చి 182ఎ సెక్షన్‌ను మార్చి రాశారు. అనుమతి లేకుండా భాగాలు మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండు లైట్లు మార్చి ఐదొందలతో బయటపడతానంటే ఎలా?

మా మేనల్లుడికి చెప్పింది వేరు. ముందు పసుపెక్కిన గ్లాస్‌ను పాలిష్ చేయించు. తర్వాత బల్బు దగ్గర వోల్టేజి కొలువు. పాత వైర్లలో పది శాతం పడిపోతే వెలుతురు దాదాపు ముప్పై శాతం పోతుంది, రిలే వేస్తే అది తిరిగొస్తుంది. టైర్లలో గాలి సరిచూసి, సమమైన నేల మీద కారు ఆపి, డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, చక్రం 0 దగ్గర పెట్టి, 10 మీటర్ల దూరంలో గోడ మీద గీత ఎక్కడ పడుతుందో టేపుతో కొలువు. ఇవన్నీ చేశాక కూడా వెలుతురు చాలకపోతే, అప్పుడు ప్రొజెక్టర్ సంగతి మాట్లాడుకుందాం.